మణికట్టు నొప్పి నెలల తరబడి వదలడం లేదా? కారణం ఇలా వెతకండి

మణికట్టు నొప్పి అని వచ్చినవాళ్లను "సరిగ్గా ఎక్కడ?" అని అడిగితే చాలామంది రెండో చేత్తో మణికట్టు మొత్తాన్ని పట్టుకుని "ఇక్కడంతా" అంటారు. చిక్కు అక్కడే మొదలవుతుంది. ఆ కాస్త జాగాలో ఎనిమిది చిన్న ఎముకలున్నాయి, ముంజేతిలోని రెండు పొడవాటి ఎముకల చివర్లున్నాయి, వీటన్నిటినీ కట్టి ఉంచే లిగమెంట్లున్నాయి. చేతిని, వేళ్లను ఆడించే టెండన్లు, అంటే కండను ఎముకకు కలిపే తాళ్లలాంటివి, ఇరవైకి పైగా అటుగానే పోతాయి. నరాలు సరేసరి. వీటిలో ఏది చెడినా మనం చెప్పే మాట ఒక్కటే, మణికట్టు నొప్పి. "ఇక్కడంతా" అంటే డాక్టర్ మాత్రం ఏం చేస్తారు? నొప్పి మాత్ర, ఆయింట్‌మెంట్, క్రేప్ బ్యాండేజీ. పది రోజులు కాస్త నయం, పదకొండో రోజు మళ్లీ మామూలే.

మామూలుగా మూడు నెలలు దాటిన నొప్పిని దీర్ఘకాలిక నొప్పి అంటారు. మణికట్టు విషయంలో అన్నాళ్లు ఆగొద్దు. ఆరు వారాలైనా తగ్గలేదంటే కారణం వెతకడం మొదలుపెట్టాల్సిందే. ఆ వెతుకులాటలో సగం పని ఇంట్లో కూర్చుని మీరే చేసుకోవచ్చు. జబ్బు ఇదేనని తేల్చేది డాక్టరే. కానీ ఆయనకు కావాల్సిన ఆధారాలు ఉన్నది మీ దగ్గర.

ముందు ఒక మాట. మణికట్టు ఎర్రబడి, వేడెక్కి, వాచి, దాంతోపాటు జ్వరం ఉంటే కింద చెప్పినవేవీ చేయకండి, ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి. కీలులో చీము పట్టి ఉండొచ్చు. వేళ్లు చల్లబడి రంగు మారినా, పడ్డాక చెయ్యి వంకర తిరిగినట్టు కనిపించినా అంతే. నెమ్మదిగా పెరిగే వాపు, రాత్రిళ్లు నిద్ర లేపే నొప్పి, బరువు తగ్గడం, సాయంత్రం పూట సన్నటి జ్వరం కలిసి ఉంటే కూడా ఇంట్లో పరీక్షలతో కాలం గడపకండి. టీబీ ఊపిరితిత్తులకే కాదు, ఎముకలకూ కీళ్లకూ వస్తుంది. మణికట్టుకు రావడం అరుదే అయినా మన దేశంలో దాన్ని మరిచిపోవడానికి లేదు.

మొదటి పని: ఒక్క వేలితో చూపించండి

టేబుల్ మీద చెయ్యి పెట్టుకోండి. రెండో చేతి చూపుడువేలి కొనతో అంగుళం అంగుళం నొక్కుతూ రండి. మరీ గట్టిగా వద్దు, గోరు కాస్త తెల్లబడేంత చాలు. బొటనవేలి వైపు, చేతి వెనక, చిటికెన వేలి వైపు, అరచేతి వైపు, ఇలా చుట్టూ తిరగండి. "అబ్బా" అనిపించిన చోట స్కెచ్ పెన్నుతో చుక్క పెట్టండి. రెండో చేతిలో అదే చోట నొక్కి చూడండి. అక్కడా అంతే నొప్పి ఉంటే ఆ చుక్కకు విలువ లేదు, చెరిపేయండి.

ఇదే పని మర్నాడు పొద్దున, సాయంత్రం ఇంకోసారి చేయండి. చుక్క ప్రతిసారీ అదే చోట పడుతోందంటే కారణం కూడా ఆ చర్మం కింద, ఆ దగ్గర్లోనే ఉండే అవకాశం ఎక్కువ. ఎంత వెతికినా చుక్క దొరక్కపోతే అది కూడా ఒక ఆధారమే. నరం నొక్కుకుపోవడం, మెడ నుంచి దిగే నొప్పి, ఒళ్లంతా కీళ్లను పట్టే వాతం లాంటివి ఇలా ఒక చోటని చెప్పకుండా ఉంటాయి.

రెండో పని: పాత సంగతులు గుర్తు చేసుకోండి

ఎప్పుడైనా చెయ్యి ఆన్చి కింద పడ్డారా? నిన్నా మొన్నా కాదు, రెండేళ్ల కింద అయినా సరే. బండి జారడం, బాత్రూంలో కాలు జారడం, కబడ్డీలో పడడం. "అప్పుడు బెణికింది, వారంలో తగ్గిపోయింది" అని కొట్టిపారేసిన సంఘటనే చాలాసార్లు అసలు కారణం అవుతుంది. దాని సంగతి కింద వివరంగా చెబుతాను.

నొప్పి మొదలైన నెలలో చేతి పనిలో ఏం మారింది? పాప పుట్టిందా, కొత్త ఉద్యోగమా, కోతలా? పని కొత్తది కాకపోయినా దాని జోరు పెరిగి ఉండొచ్చు. జగిత్యాల, నిజామాబాద్ వైపు రోజంతా బీడీలు చుట్టే ఆడవాళ్లు, గుంటూరులో మిర్చి తొడిమలు తీసేవాళ్లు, టైలర్లు, గంటల తరబడి ఫోన్ మీద బొటనవేలు జరిపే కాలేజీ పిల్లలు... వీళ్ల పనులు వేరు గానీ ఒకే కదలికను వేలసార్లు చేయడం మాత్రం ఒకటే.

ఇంకో ప్రశ్న: పొద్దున లేవగానే ఎక్కువా, పని చేసేకొద్దీ ఎక్కువా, అర్ధరాత్రి ఎక్కువా? ఈ మూడింటికి మూడు దారులు. పొద్దున బిగుసుకుపోయి గంట గడిస్తే గానీ వదలకపోతే వాతం వైపు చూడాలి. పనితో పెరిగి విశ్రాంతితో తగ్గితే టెండనో, అరిగిన కీలో. అర్ధరాత్రి తిమ్మిరితో మెలకువ వస్తే నరం.

బొటనవేలి వైపు చుక్క పడితే

మణికట్టు నొప్పుల్లో ఎక్కువ వినిపించే ఫిర్యాదు ఈ వైపుదే. బొటనవేలు మొదలు నుంచి ముంజేయి వైపు రెండు మూడు సెంటీమీటర్లు వస్తే పక్కన ఎముక బొడిపె ఒకటి తగులుతుంది. దాని మీదుగా బొటనవేలిని ఎత్తే రెండు టెండన్లు ఒక ఇరుకు గొట్టంలోంచి పోతాయి. ఆ గొట్టం గోడ మందమైతే టెండన్ కదిలినప్పుడల్లా ఒరుసుకుంటుంది. దీన్ని డీ క్వెర్వాన్ జబ్బు అంటారు. ఫ్రిట్జ్ డీ క్వెర్వాన్ అనే స్విట్జర్లాండ్ సర్జన్ 1895లో దీన్ని వివరించాడు.

ఇంట్లో చూసుకునే పద్ధతి ఇది. బొటనవేలిని అరచేతిలోకి మడిచి మిగతా వేళ్లతో పిడికిలి మూయండి. ఇప్పుడు పిడికిలిని నెమ్మదిగా చిటికెన వేలి వైపు వంచండి. బొడిపె దగ్గర చురుక్కుమని ప్రాణం పోయినంత పనైతే అనుమానం బలపడినట్టే. కానీ ఈ పరీక్షకు ఒక లోపముంది. ఏ జబ్బూ లేనివాళ్లకు కూడా కొంచెం లాగినట్టు ఉంటుంది. అందుకే రెండో చేత్తో పోల్చకుండా తేల్చుకోవద్దు.

చంటిపిల్లల తల్లుల్లో ఇది మరీ ఎక్కువ. పాపను ఎలా ఎత్తుకుంటున్నారో ఒకసారి గమనించండి. రెండు బొటనవేళ్లు పైకి చాచి, చేతులు చంకల కింద పెట్టి ఎత్తుతారు. పాప బరువంతా ఆ రెండు టెండన్ల మీద పడుతుంది. అదే ఒక అరచేయి పిరుదుల కింద, ఇంకోటి వీపు కింద పెట్టి ఎత్తి చూడండి. రెండు మూడు వారాలు ఇలా చేస్తే నొప్పి తేడా తెలుస్తోందంటే మందు వేసుకోకుండానే కారణం చాలావరకు తెలిసిపోయింది. పాడి ఉన్న ఇళ్లలో బొటనవేలు లోపలికి మడిచి పాలు పితికే అలవాటు ఉన్నవాళ్లకూ ఇదే వరస.

చుక్క బొడిపె మీద కాకుండా అటు పక్కన ఉన్న గుంటలో పడితే కథ వేరు. బొటనవేలిని వెనక్కి బాగా చాపండి. మణికట్టు దగ్గర రెండు టెండన్లు తాళ్లలా లేచి వాటి మధ్య చిన్న గుంట కనిపిస్తుంది. ఆ గుంట అడుగున ఉన్నది స్కాఫాయిడ్ అనే ఎముక. చెయ్యి ఆన్చి పడినప్పుడు మణికట్టులోని చిన్న ఎముకల్లో అన్నిటికంటే ఎక్కువగా విరిగేది ఇదే, అందులోనూ కుర్రాళ్లకు. తమాషా ఏమిటంటే ఇది విరిగినా వాపు పెద్దగా ఉండదు, చెయ్యి వంకర పోదు, మొదటి రోజు తీసిన ఎక్స్‌రేలో గీత కూడా కనపడకపోవచ్చు. "ఎక్స్‌రే బాగానే ఉంది, బెణుకే" అనే మాటతో ఇంటికి వచ్చేస్తారు. ఇలాంటి అనుమానం ఉంటే కట్టు వేసి 10 నుంచి 14 రోజుల తర్వాత మళ్లీ ఎక్స్‌రే తీయడం పద్ధతి. ఆ రెండో ఎక్స్‌రేకి వెళ్లనివాళ్లే ఏడాది రెండేళ్ల తర్వాత "బండి క్లచ్ నొక్కలేకపోతున్నా, పుషప్స్ తీయలేకపోతున్నా" అంటూ తిరిగి వస్తారు.

ఈ ఎముకకు రక్తం వేళ్ల వైపు చివర నుంచి వెనక్కి అందుతుంది. మధ్యలో విరిగితే ముంజేతి వైపు ముక్కకు రక్తం అందక అతకకపోవచ్చు, ఒక్కోసారి ఆ ముక్క చచ్చుబడిపోతుంది. అలాగే వదిలేస్తే కొన్నేళ్లకు చుట్టూ ఉన్న కీలు అరిగిపోతుంది. అందుకే పడిన చరిత్ర ఉండి, గుంటలో నొక్కితే నొప్పి ఉంటే, అది ఎంత పాతదైనా "స్కాఫాయిడ్ వ్యూ ఎక్స్‌రే (ఆ ఎముక స్పష్టంగా కనిపించేలా తీసేది) కావాలా?" అని నోరు తెరిచి అడగండి. పుత్తూరు కట్టు మీద మన జనానికున్న నమ్మకం తెలిసిందే. కట్టు ఎక్కడ కట్టించుకున్నా ముందొక ఎక్స్‌రే, తర్వాతొక ఎక్స్‌రే మాత్రం మానొద్దు. ఈ ఎముక అతికిందో లేదో పైనుంచి చేత్తో తడిమితే తెలియదు.

యాభై దాటిన ఆడవాళ్లకు నొప్పి ఇంకాస్త ముందుకు, అంటే బొటనవేలి మొదట్లో, అరచేయి మొదలయ్యే చోట ఉంటుంది. సీసా మూత తిప్పడం, తాళం చెవి తిప్పడం కష్టమవుతుంది. అది ఎక్కువగా బొటనవేలి కింది కీలు అరుగుదల. మామూలు ఎక్స్‌రేలోనే కనిపిస్తుంది.

అరచేతి వైపు, లేదా చుక్కే దొరక్కపోతే

ఇక్కడ నొప్పి కంటే తిమ్మిరి ముఖ్యం. అరచేయి మొదట్లో ఎముకల మీద గట్టి పట్టీ ఒకటి వంతెనలా ఉంటుంది. దాని కింద తొమ్మిది టెండన్లు, వాటితోపాటు మీడియన్ అనే నరం ఇరుక్కుని పోతాయి. లోపల కాస్త వాపు వచ్చినా నలిగేది నరమే. దీన్నే కార్పల్ టనెల్ సిండ్రోమ్ అంటారు. రాత్రి రెండు మూడింటికి చెయ్యి మొద్దుబారి మెలకువ వస్తుంది, మంచం పక్కన చెయ్యి దులిపితే హాయిగా ఉంటుంది. ఈ దులపడం గురించి డాక్టర్‌కు తప్పకుండా చెప్పండి, ఆయనకు అది బాగా పనికొచ్చే మాట.

ఏ వేళ్లకు తిమ్మిరి వస్తోందో ఈ రాత్రే చూసి రాసుకోండి. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు, ఉంగరపు వేలిలో సగం, ఇవి మీడియన్ నరం ఇలాకా. ఉంగరపు వేలి రెండు పక్కలా దూదితో తాకి చూడండి. మధ్యవేలి వైపు మొద్దుగా, చిటికెన వేలి వైపు మామూలుగా ఉంటే అనుమానం మణికట్టులోని నరం మీదకు గట్టిగా పోతుంది. చిటికెన వేలికే తిమ్మిరి అయితే అది వేరే నరం. అది చాలాసార్లు మోచేయి దగ్గర, కొందరికి అరచేయి మడమ దగ్గర, అంటే అరచేయి మణికట్టును కలిసే చోట నొక్కుకుంటుంది. మెడ తిప్పితే, పైకెత్తితే తిమ్మిరి పెరిగి భుజం నుంచి కిందికి జివ్వున లాగుతుంటే మణికట్టును వదిలి మెడను చూపించుకోవాలి.

పరీక్ష: రెండు చేతుల వెనకవైపులు ఒకదానికొకటి ఆన్చి, వేళ్లు కిందికి ఉండేలా ఛాతీ ముందు పట్టుకోండి. ఒక్క నిమిషం అలాగే ఉండండి. ఆ నిమిషంలోపే పైన చెప్పిన వేళ్లకు తిమ్మిరి ఎక్కితే పరీక్ష పాజిటివ్. తర్వాత రెండు అరచేతులూ పక్కపక్కన పెట్టుకుని బొటనవేలి కింద ఉండే కండను చూడండి. ఒకవైపు పల్లంగా, జారిపోయినట్టు ఉంటే నరం చాన్నాళ్లుగా నలుగుతోందని అర్థం. అప్పుడు ఆలస్యం చేస్తే పోయిన కండ తిరిగి రాకపోవచ్చు.

షుగర్, థైరాయిడ్ తక్కువ పనిచేయడం, గర్భం, అధిక బరువు, ఇవన్నీ ఈ జబ్బుకు తోవ ఇస్తాయి. రెండు చేతులకూ వచ్చిందంటే షుగర్, థైరాయిడ్ (టీఎస్‌హెచ్) పరీక్షలు చేయించుకోండి. గర్భిణులకు వచ్చినది కాన్పు తర్వాత చాలావరకు తనంతట తనే తగ్గుతుంది కాబట్టి టెన్షన్ అక్కర్లేదు.

చిటికెన వేలి వైపు

ఇది మణికట్టులో అందరినీ విసిగించే మూల. డాక్టర్లకు కూడా. ఆ వైపు బయటికి ఉబ్బి కనిపించే ఎముక బొడిపె ఉంది కదా, దానికీ అరచేయి మడమకూ మధ్య మెత్తటి సందు ఒకటి ఉంటుంది. అక్కడ నొక్కితే ప్రాణం పోతున్నట్టు ఉంటోందా? చేతులున్న కుర్చీలో కూర్చుని, రెండు చేతుల మీద బరువు వేసి పైకి లేవండి. బట్టలు పిండినప్పుడు, తలుపు గొళ్లెం తిప్పినప్పుడు వచ్చే నొప్పే మళ్లీ ఆ సందులో వస్తే టీఎఫ్‌సీసీ అనే మృదులాస్థి పొర చిరిగి ఉండొచ్చు.

గతంలో మణికట్టు ఎముక విరిగి పొట్టిగా అతుక్కున్నవాళ్లకు ఇంకో సంగతి. బొటనవేలి వైపు ఎముక కురచైతే చిటికెన వేలి వైపు ఎముక పొడుగై ముందుకు పొడుచుకొస్తుంది, చిన్న ఎముకలకు తగులుతూ ఉంటుంది. దీన్ని కనిపెట్టడానికి మామూలు ఎక్స్‌రే సరిపోతుంది, పాత ఎక్స్‌రే ఉంటే అదీ పట్టుకెళ్లండి.

చేతి వెనక

మధ్యలో గోళీ లాంటి బుడిపె కనిపిస్తే గ్యాంగ్లియన్ కావచ్చు. చీకటి గదిలో ఫోన్ టార్చ్‌ని ఒక పక్క నుంచి ఆన్చి చూడండి, లోపల జిగురు నీరే కాబట్టి వెలుగు అవతలికి పారుతుంది. పెరుగుతూ తరుగుతూ ఉండడం దీని లక్షణం. కొన్ని వాటంతటవే మాయమవుతాయి. నొక్కి, కొట్టి పగలగొట్టే నాటు వైద్యం వద్దు. వెలుగు పారని గట్టి గడ్డ అయితే చూపించుకోవాలి.

బుడిపె ఏమీ లేకుండా మధ్యలోనే నొప్పి, పిడికిలి పట్టు సడలడం ఉంటే, ముఖ్యంగా ఇరవై నుంచి నలభై మధ్య వయసున్న మగవాళ్లలో, లూనేట్ అనే ఎముకకు రక్తం తగ్గిందేమో చూడాలి. 1910లో కీన్‌బాక్ అనే వియన్నా రేడియాలజిస్టు వర్ణించిన జబ్బు ఇది. తొలి దశలో ఎక్స్‌రే శుభ్రంగా ఉంటుంది, ఎంఆర్ఐలోనే దొరుకుతుంది. అదే మణికట్టుకు నాలుగు వేళ్ల పైన, ముంజేతి మీద నొప్పి ఉండి, చెయ్యి ఆడిస్తే లోపల కిరకిరమంటుంటే అలవాటు లేని పని ఒక్కసారిగా చేయడం వల్ల టెండన్లు ఒరుసుకున్నాయన్నమాట. కొన్నాళ్లు విశ్రాంతి ఇస్తే చాలావరకు సర్దుకుంటుంది.

రెండు మణికట్లూ ఒకేసారి నొప్పి పెడితే

ఇప్పుడు చేతిని కాదు, ఒంటిని చూడాలి. వేళ్ల కణుపులు కూడా వాచాయా, గాజులు ఎక్కడం లేదా, ఉంగరం బిగుతైందా, పొద్దున పాలగ్లాసు పట్టుకోలేకపోతున్నారా? ఆరు వారాలు దాటి ఇలా ఉంటే కీళ్లవాతం నిపుణుల దగ్గరికి, అంటే రుమటాలజిస్ట్ దగ్గరికి వెళ్లండి. ఆర్‌ఏ ఫ్యాక్టర్ అనే రక్తపరీక్ష నెగెటివ్ వచ్చినా వాతం లేదని తేలినట్టు కాదు, యాంటీ సీసీపీ, ఈఎస్ఆర్, సీఆర్‌పీ అనే రక్తపరీక్షలు కూడా చూస్తారు.

అంతకుముందు జ్వరం వచ్చిందా అన్నది మన దగ్గర తప్పకుండా వేసుకోవాల్సిన ప్రశ్న. చికున్‌గున్యా తర్వాత మణికట్లు, చీలమండలు, వేళ్లు నెలల తరబడి నొప్పి పెడతాయి. 2005, 2006ల్లో ఆంధ్రప్రదేశ్‌లో అది ఊళ్లను చుట్టేసినప్పుడు జ్వరం తగ్గినా కీళ్లు వదలక మంచం దిగలేనివాళ్లు ఎంతమందో. డాక్టర్‌కు ఆ జ్వరం తేదీ చెప్పకపోతే వాతం మందుల వైపు అనవసరంగా మళ్లే ప్రమాదముంది.

యూరిక్ యాసిడ్ కాస్త ఎక్కువ వచ్చిందని మణికట్టు నొప్పిని దాని ఖాతాలో వేసేయకండి. అది ఎక్కువున్నా ఏ నొప్పీ లేనివాళ్లు బోలెడుమంది. యూరిక్ యాసిడ్ వల్ల వచ్చే కీళ్ల జబ్బు గౌట్ సాధారణంగా కాలి బొటనవేలితో మొదలవుతుంది, వచ్చినప్పుడు రాత్రికి రాత్రే విరుచుకుపడుతుంది.

స్కానింగ్ ఎప్పుడు, ఏది?

నా ఉద్దేశంలో ఎక్కువ డబ్బు వృథా అయ్యేది ఇక్కడే. చెయ్యి పట్టుకుని చూడకుండానే రాసిన ఎంఆర్ఐ, వేలకు వేలు పోసి తెచ్చుకున్నా, "చిన్న చిరుగు ఉంది" అని చెబుతుంది. నడివయసు దాటిన చేతిలో అలాంటి చిరుగు ఏ నొప్పీ లేకపోయినా కనిపించవచ్చు. మీ చుక్క టీఎఫ్‌సీసీ సందులో పడకుండా రిపోర్టులో టీఎఫ్‌సీసీ చిరుగు ఉంటే, నొప్పికి కారణం అదేనని ఒప్పుకోవడానికి తొందరపడకండి.

మొదట ఎక్స్‌రే. అదీ రెండు చేతులకూ తీస్తే పోలిక దొరుకుతుంది. టెండన్, గ్యాంగ్లియన్ అనుమానాలకు అల్ట్రాసౌండ్ చాలు, చవక కూడా. తిమ్మిరికి నర్వ్ కండక్షన్ పరీక్ష: చర్మం మీద చిన్నచిన్న కరెంటు షాకులిచ్చి నరం ఎంత వేగంగా సంకేతం పంపుతోందో కొలుస్తారు. వెళ్లేరోజు చేతికి నూనె, క్రీము రాసుకోకండి. తొలి దశలో ఈ పరీక్ష మామూలుగానే రావచ్చు. రాత్రి తిమ్మిరి మాట అప్పుడు రిపోర్టు కంటే ఎక్కువ బరువు తూగుతుంది. ఎక్స్‌రేలో దొరకని స్కాఫాయిడ్, లూనేట్, లిగమెంట్ సంగతులకు ఎంఆర్ఐ. అనుమానం స్పష్టంగా ఉన్నప్పుడు తీస్తే దానికి పెట్టిన డబ్బు దండగ కాదు.

డాక్టర్ దగ్గరికి వెళ్లేలోపు

రెండు వారాల పాటు ఒకే ఒక్క మార్పు చేసి చూడండి. రాత్రి తిమ్మిరి ఉంటే మణికట్టును తిన్నగా ఉంచే స్ప్లింట్ (కదలకుండా పట్టి ఉంచే గట్టి పట్టీ) వేసుకుని పడుకోండి. బొటనవేలి వైపు నొప్పి అయితే బొటనవేలిని కూడా కదలనివ్వని స్ప్లింట్ కావాలి. మెడికల్ షాపులో ఇచ్చే మామూలు మణికట్టు బెల్టు బొటనవేలిని వదిలేస్తుంది, దానివల్ల ఒరిగేది తక్కువ. కార్పల్ టనెల్‌కు బిగించి కట్టిన క్రేప్ బ్యాండేజీ అయితే తిమ్మిరిని ఇంకా పెంచుతుంది. మార్పుతో నొప్పి తగ్గిందా, లేదా, ఎంత తగ్గిందో రాసుకోండి.

ఈ రెండు వారాల్లో సొంతంగా నొప్పి మాత్రలు మింగుతూ ఉంటే పరీక్ష ఫలితం తెలియదు, పైగా కడుపుకూ కిడ్నీలకూ చెరుపు. పేరు లేని పొట్లాల్లో ఇచ్చే "వాతం పొడులు" అసలే వద్దు. వాటిలో కొన్నిట్లో స్టెరాయిడ్ కలుపుతారు, నొప్పి మంత్రం వేసినట్టు తగ్గి అసలు జబ్బు దాక్కుంటుంది. డాక్టర్ మణికట్టుకు స్టెరాయిడ్ ఇంజక్షన్ వేస్తానంటే షుగర్ ఉన్న సంగతి చెప్పండి, కొన్ని రోజులు షుగర్ పెరుగుతుంది.

వెళ్లేటప్పుడు ఒక కాగితం మీద ఇవి ఉంటే చాలు: చుక్క ఎక్కడ పడింది, ఏ కదలికతో వస్తుంది, ఏ వేళ్లకు తిమ్మిరి, పడిన సంగతి, జ్వరం సంగతి, చేసే పని, స్ప్లింట్‌తో వచ్చిన తేడా, వాడిన మందులు. చేతి మీది చుక్కను చెరపకుండా వెళ్లండి. పాత ఎక్స్‌రే ఫిల్ములు రిపోర్టుతో పాటు పట్టుకెళ్లండి, రిపోర్టు ఒక్కటే కాదు. ఎముక, టెండన్ అనుమానమైతే ముందు ఎముకల డాక్టర్ దగ్గరికి, రెండు చేతులూ ఒంట్లో మిగతా కీళ్లూ కలిసి ఉంటే నేరుగా రుమటాలజిస్ట్ దగ్గరికి. చుక్క మీద వేలు పెట్టి నొక్కకుండానే మందు చీటీ రాయడం మొదలుపెడితే, "ఒక్కసారి ఇక్కడ నొక్కి చూడండి సార్" అని చెయ్యి ముందుకు చాపండి.